జార్జ్ టౌన్‌లో సాయంకాలపు నేరకథల నడక: ఆళవందార్ కేసు దారిలో ఏమి చూపాలి, ఏమి చెప్పకూడదు?

తంగసాలె_వీధి (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల కోసం, ముఖ్యంగా ఇక్కడే పుట్టి పెరిగినా ప్యారీస్ కార్నర్ దాటి లోపలి వీధుల్లోకి అడుగుపెట్టని మన పిల్లల కోసం, ఒక ఆదివారం సాయంత్రం జార్జ్ టౌన్‌లో నడక ఏర్పాటు చేయాలని మా మిత్రబృందం సంకల్పించింది. గుడులూ పాత భవనాలూ చూపించే నడకలు ఇప్పటికే జరుగుతున్నాయి కాబట్టి, ఈసారి ఒకప్పుడు మద్రాసు నగరాన్ని కుదిపేసిన హత్యకేసుల దారి పట్టాలని నిర్ణయించాము. ప్రధానంగా 1952 నాటి ఆళవందార్ కేసు, వీలైతే 1944 నాటి లక్ష్మీకాంతన్ కేసు చెప్పాలని ఉద్దేశం.

మాలో మాకు తేలని సంగతి ఒకటి ఉంది. చీకటి పడ్డాక నడుస్తాము గనుక దెయ్యాల కథలు కూడా కలిపితే రక్తి కడుతుందని కొందరు అంటున్నారు. నిజంగా జరిగిన హత్యకు కల్పిత కథను జోడించడం తగదని మరికొందరు అంటున్నారు. దారి గురించీ, ఈ పేచీ గురించీ మీ అభిప్రాయాలు కావాలి.

నల్లకోటు

ఆళవందార్ కేసును నడకకు ఎంచుకోవడం సబబైన ఆలోచనే. ఆ కథ ప్యారీస్ కార్నర్‌లో మొదలై, రాయపురం మీదుగా రైలెక్కి మానామదురై దాకా పోయి, చివరకు మళ్ళీ ప్యారీస్ ఎదురుగా ఉన్న హైకోర్టుకే వచ్చి చేరింది.

ముందుగా వివాదం లేని సంగతులు చెబుతాను. ఆళవందార్ రెండో ప్రపంచయుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి, తరవాత జెమ్ అండ్ కో అనే పెన్నుల దుకాణంలో కొంత చోటు తీసుకొని ప్లాస్టిక్ సామాన్లు అమ్మేవాడు. చీరలు వాయిదాల మీద ఇచ్చే వ్యాపారం కూడా ఉండేది. ఆ దుకాణంలోనే అతనికి దేవకి అనే యువతితో పరిచయమైంది. కొంతకాలానికి ఆమె ప్రభాకర మీనన్‌ను పెళ్ళి చేసుకొని రాయపురంలో కాపురం పెట్టింది. 1952 ఆగస్టు 28న బయటికి వెళ్ళిన ఆళవందార్ ఇంటికి తిరిగి రాలేదు. ఆ మర్నాడు మానామదురై స్టేషన్లో ఇండో-సిలోన్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలో దుర్వాసన వస్తోందని ప్రయాణికులు గోలపెట్టగా, బల్ల కింద ఉన్న ట్రంకుపెట్టెను తెరిచి చూస్తే తల లేని మొండెం కనిపించింది. తల రాయపురం సముద్రపు ఒడ్డున దొరికింది. బొంబాయి వెళ్ళిపోయిన భార్యాభర్తలను అక్కడి నుంచి పట్టి తెచ్చారు.

నా దృష్టిలో ఈ కేసుకు ప్రాణం మద్రాసు మెడికల్ కాలేజీలో జరిగిన గుర్తింపు. ఒకచోట దొరికిన తలనూ, కొన్ని వందల కిలోమీటర్ల అవతల దొరికిన మొండేన్నీ పక్కపక్కన పెట్టి అవి ఒకే మనిషివని నిరూపించాలి. ఆ మనిషి ఆళవందారేనని మళ్ళీ విడిగా నిరూపించాలి. ఈ రెండూ వేరువేరు బరువులు. పళ్ళ వరుస, చెవి కుట్టించుకున్న రంధ్రాలు, సైన్యపు రికార్డుల్లో భద్రంగా ఉన్న వేలిముద్రలు అందుకు తోడ్పడ్డాయి. డీఎన్ఏ అన్న మాటే లేని రోజుల్లో ఇంత పని జరిగింది. పిల్లలకు చెప్పవలసింది ఇదీ, రక్తపు మరకల వర్ణన కాదు.

1953లో హైకోర్టులో జస్టిస్ ఎ. ఎస్. పంచాపకేశ అయ్యర్ ఎదుట, జ్యూరీతో (తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన సామాన్య పౌరుల బృందంతో) విచారణ జరిగింది. ప్రభుత్వం తరఫున గోవింద్ స్వామినాథన్ వాదించారు. ఉరిశిక్ష పడుతుందని ఎదురుచూసినవారు చాలామందే ఉండగా, ప్రభాకర మీనన్‌కు 7 ఏళ్ళూ, దేవకికి 3 ఏళ్ళూ జైలుశిక్ష పడింది. ఆ న్యాయమూర్తి ఇంగ్లీషులో నాటకాలూ నవలలూ రాసిన రచయిత కూడా అన్న సంగతి మీ గైడు ఒక మాటగా చెప్పవచ్చు.

అర్ధరాత్రి_అతిథి

నల్లకోటు గారి వివరాలు విలువైనవే కానీ, వాటిని ఆదివారం సాయంత్రం ఫుట్‌పాత్ మీద నిలబెట్టి చెబితే సగంమంది ఇంటిదారి పడతారు. డబ్బులు పెట్టి చీకట్లో నడవడానికి వచ్చినవారు కొంత వణుకు కోరుకుంటారు. పాత లా కాలేజీ ఆవరణలో శతాబ్దాల నాటి సమాధి ఉంది. దాని చుట్టూ ఎన్నో కథలు అల్లుకున్నాయి. రాయపురం ఒడ్డున ఆ తల దొరికిన చోట రాత్రిళ్ళు ఎవరో తిరుగుతారని చెబితే ఎవరికి నష్టం?

సౌకారుపేట_కోడలు

నష్టం ఎవరికో చెబుతాను. ఆళవందార్‌కు భార్య ఉంది. భర్త ఇంటికి రాకపోతే ముందుగా దుకాణానికి వెళ్ళి ఆరా తీసినది ఆమే. ఆ కుటుంబాల తరవాతి తరాలవారు ఈ నగరంలోనో మరో ఊళ్ళోనో ఉండి ఉంటారు. వారి తాతగారి తలను దెయ్యం చేసి టికెట్టుకు అమ్ముతామా?

ఇంకొక మాట. ఈ కేసు చెప్పిన ప్రతిచోటా దేవకిని మాయలాడిగా గానీ, ఏమీ ఎరుగని అబలగా గానీ చిత్రించడం నేను గమనించాను. ఆమె కథ ఆ రెండింటిలో దేనికీ ఒదగదు. పెళ్ళికి ముందరి సంబంధం, పెళ్ళయ్యాక అది వెంటాడడం, భర్తకు తెలియడం, ఆ తరవాత జరిగిన ఘోరం అన్నవి వరుసగా చెబితే చాలు. మన గైడు గొంతు మార్చి, కన్నుగీటి చెప్పే అవసరం లేదు. ఆళవందార్ స్త్రీలోలుడన్న మాట పత్రికలు అప్పట్లో దండిగా రాశాయి. చనిపోయినవాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు కాబట్టి అది కూడా తూచి చెప్పవలసిన మాటే.

పాతరాళ్ళు

లా కాలేజీ సమాధి ప్రస్తావన వచ్చింది గనుక వివరం చెబుతాను. అక్కడ మొదట ఉన్నది ఆంగ్లేయుల శ్మశానం. 1758, 59 సంవత్సరాల్లో ఫ్రెంచివారు సెయింట్ జార్జ్ కోటను ముట్టడించినప్పుడు ఆ సమాధుల చాటున నిలిచి కాల్పులు జరిపారు. ముట్టడి తొలగిపోయాక ఆంగ్లేయులు సమాధులను పడగొట్టి, ఫలకాలను కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పడగొట్టకుండా వదిలినవాటిలో గోపురంలా నిటారుగా ఉన్న కట్టడం ఒకటి. దాని కింద ఉన్నది 1680లో మరణించిన జోసెఫ్ హిన్మర్స్. అతని వితంతువును పెళ్ళాడినవాడే తరవాత మద్రాసు గవర్నరైన ఎలీహు యేల్. వారి పసికొడుకు డేవిడ్‌ను కూడా అక్కడే పూడ్చారు. ఆ సమాధిని వేరేచోటికి తరలించాలన్న వివాదం ఇటీవల హైకోర్టు దాకా వెళ్ళింది.

యేల్ తన గుర్రాన్ని చెప్పకుండా తీసుకుపోయిన సేవకుణ్ణి ఉరితీయించాడన్న కథ చాలాకాలంగా చలామణిలో ఉంది. దానికి గట్టి ఆధారం లేదు. అయినా "ఇది కథ" అని ముందే చెప్పి చెబితే నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ కథ వయసు మూడు వందల ఏళ్ళకు పైమాటే. రాయపురం దెయ్యం వయసు మాత్రం అర్ధరాత్రి_అతిథి గారు పైన రాసిన క్షణం నుంచి లెక్కపెట్టాలి.

అర్ధరాత్రి_అతిథి

దెబ్బ తగిలింది, ఒప్పుకోను గానీ నవ్వాను. అయితే చీకటికి తగినది ఏదో ఒకటి మీరే ఇవ్వండి. పళ్ళ వరుసతో వణుకు పుట్టదు.

పెరంబూరు_రైలుపెట్టె

ఇస్తాను. నా ఉద్దేశంలో ఈ కేసులో ఒళ్ళు జలదరింపజేసేది హత్య కాదు. హత్య పగటిపూట, చుట్టూ ఇళ్ళున్న వీధిలో, నాలుగు గోడల మధ్య జరిగిపోయింది. జలదరింపు ఆ తరవాతి ప్రయాణంలో ఉంది. ఒక మనిషి తన ఇంటి నుంచి ట్రంకుపెట్టెను రిక్షాలో పెట్టుకొని, ఎగ్మోర్ స్టేషన్ దాకా, నిండుగా జనం తిరిగే రోడ్ల మీదుగా వెళ్ళాడు. మద్రాసులో అప్పటికింకా ట్రాములు నడుస్తున్నాయి. అవి ఆగిపోయింది ఆ మరుసటి ఏడు 1953లో. ట్రాముల్లో కూర్చున్నవారు ఆ రిక్షాను చూసే ఉంటారు. ఊరికి వెళ్ళే మనిషి, పక్కన పెట్టె: అందులో అనుమానించవలసినది ఏముంది?

ఇక ఆ బండి సంగతి. జనం బోట్ మెయిల్ అని పిలిచే ఆ రైలు ఎగ్మోర్‌లో బయలుదేరి మీటర్ గేజి మీద ధనుష్కోడి రేవు దాకా పోయేది. అక్కడ ఓడ ఎక్కితే తలైమన్నార్, అక్కడి నుంచి మళ్ళీ రైల్లో కొలంబో. అంటే మానామదురైలో ఎవరికీ వాసన తగలకపోయి ఉంటే ఆ పెట్టె రామేశ్వరం దీవిని దాటి రేవు అంచు దాకా పోయేదే. 1964 తుపానులో ఆ ధనుష్కోడి స్టేషనే కొట్టుకుపోయింది. ఆ రాత్రి పెట్టెకు పైన బల్ల మీద కూర్చొని, పులిహోర పొట్లం విప్పుకొని తిన్న ప్రయాణికుణ్ణి ఒక్కసారి ఊహించుకోండి. దీనికి దెయ్యం దేనికి?

అర్ధరాత్రి_అతిథి

ఇది చాలు. నా డిమాండు ఉపసంహరించుకుంటున్నాను.

కొత్తసభ్యుడు_ఒంగోలు

రాయపురంలో ఆ ఇల్లు ఇప్పటికీ ఉందా? ఇంటి నంబరు ఎవరైనా పెట్టగలరా? ఈసారి వచ్చినప్పుడు ఫోటో తీసుకుంటాను.

నిర్వాహకుడు

ఆ కేసు పత్రాల్లో ఉన్న చిరునామాను ఈ వేదిక మీద పెట్టవద్దని సభ్యులకు మనవి. ఇప్పుడు అక్కడ నివసించేవారికి 1952తో ఏ సంబంధమూ లేదు. వారి గుమ్మం ముందు గుంపులుగా నిలబడి ఫోటోలు తీయడం ఏ నడకలోనూ మర్యాద కాదు. వీధిపేరు దాకా చర్చించవచ్చు, గడప దగ్గర ఆగిపోదాము.

వెండితెర_వెనుక

ఇక లక్ష్మీకాంతన్ కేసు. ఇది జార్జ్ టౌన్‌లో జరిగినది కాదు. 1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో వెళుతున్న సి. ఎన్. లక్ష్మీకాంతన్‌ను కత్తితో పొడిచారు. మర్నాడు జనరల్ ఆసుపత్రిలో అతను చనిపోయాడు. సినిమావాళ్ళ గుట్టు బయటపెడతానంటూ రాతలు రాసి, రాయకుండా ఉండడానికి డబ్బు గుంజే పత్రికాధిపతిగా అతనికి పేరుండేది. మొదట "సినిమా తూదు", తరవాత "హిందూ నేశన్" నడిపాడు. అరెస్టయినవారిలో అప్పటి తమిళ తెర ఏకచ్ఛత్రాధిపతి ఎం. కె. త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో అధినేత ఎస్. ఎం. శ్రీరాములు నాయుడు ఉన్నారు. నాయుడుగారు విచారణలోనే నిర్దోషిగా బయటపడ్డారు. మన ప్రేక్షకులకు ఆయన తరవాత "అగ్గిరాముడు" తీసిన దర్శకుడిగా తెలుసు. భాగవతార్‌కూ కృష్ణన్‌కూ 1945లో ద్వీపాంతరవాస శిక్ష పడింది, జ్యూరీలో ఆరుగురు ఒకవైపు, ముగ్గురు మరొకవైపు. అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును నిలవనీయకుండా మళ్ళీ హైకోర్టుకే తిప్పి పంపగా, 1947లో ఇద్దరూ విడుదలయ్యారు. అసలు హంతకుడెవరో ఈనాటికీ తేలలేదు.

దీన్ని మీ నడకలోకి తెచ్చే తోవ ఒకటి ఉంది. భాగవతార్ నటించిన "హరిదాస్" 1944 దీపావళికి విడుదలై, జార్జ్ టౌన్‌లోని బ్రాడ్వే థియేటర్లో మూడు దీపావళులు చూసింది. అంటే, హీరో జైల్లో ఖైదీగా ఉండగా అదే హీరో పాటలు వినడానికి బ్రాడ్వేలో జనం టికెట్ల కోసం బారులు తీరారు. నడక బృందాన్ని బ్రాడ్వేలో నిలబెట్టి ఈ ఒక్క సంగతి చెబితే వేపేరి దాకా వెళ్ళే పని ఉండదు. విడుదలయ్యాక కృష్ణన్ మళ్ళీ నిలదొక్కుకున్నాడు. భాగవతార్ సినిమాలు మాత్రం మునుపటిలా ఆడలేదు.

సౌకారుపేట_కోడలు

హత్య జరిగితే దాని మీద పాట కట్టి అమ్మే ఆచారం కూడా ఈ పేటల్లోనే ఉండేది. చవక కాగితం మీద అచ్చువేసిన ఆ చిన్న పుస్తకాలను తమిళంలో "కొలై చిందు" అంటారు, గుజిలీ బజారు వాటికి పేరుపడ్డ అంగడి. సంతల్లో, రైల్వే స్టేషన్ల బయట ఒకడు గొంతెత్తి పాడుతూ అమ్మేవాడు. కాబట్టి నేరకథను కాలక్షేపంగా అమ్ముకోవడం మన తరంతో మొదలైందని గైడు నిట్టూర్చవలసిన పని లేదు. ఆ పాటల నుంచి ఒకటి రెండు చరణాలు పాడగలవారు దొరికితే మైకు లేకుండా పాడించండి.

నల్లకోటు

రెండు కేసులకూ ఉమ్మడి మజిలీలు రెండున్నాయని గమనించారా? జనరల్ ఆసుపత్రి ఆవరణ ఒకటి, హైకోర్టు మరొకటి. లక్ష్మీకాంతన్ ప్రాణం పోయింది ఆ ఆసుపత్రిలో. ఆళవందార్ అవశేషాలను పరీక్షించినది దానికి అనుబంధమైన మెడికల్ కాలేజీ. విచారణలు రెండూ 1892లో తెరిచిన ఆ ఎర్ర భవనంలో, జ్యూరీ ఎదుటే జరిగాయి. ఒక కేసులో జ్యూరీ తీర్పు సముద్రాలు దాటి వెళ్ళి తలకిందులైంది, మరొక కేసులో నిలబడింది. నన్నడిగితే నడకను హైకోర్టు దగ్గర మొదలుపెట్టకుండా అక్కడ ముగించాలి. తీర్పు ముందే చెప్పేస్తే వినేవారికి పట్టు ఉండదు.

అన్నట్టు, ఆ భవనం మీద 1894 నుంచి 1977 దాకా ఓడలకు దారిచూపే దీపం వెలిగేది. ఆవరణలో అంతకు ముందరి దీపస్తంభం ఇప్పటికీ ఉంది. అంటే ఆళవందార్ కనిపించకుండాపోయిన ఆ రాత్రి కూడా రాయపురం ఒడ్డు చీకటిలో ఉన్నా, ఈ దీపం రేవు మీద తిరుగుతూనే ఉంది. అర్ధరాత్రి_అతిథి గారికి ఇది నా తరఫున.

మన్నడి_మెట్రో

నడిచే వీలు గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ప్యారీస్ నుంచి రాయపురం దాకా పెద్దవాళ్ళనూ పిల్లలనూ నడిపిస్తే సగం దారిలోనే బృందం చెల్లాచెదురవుతుంది. హైకోర్టు, మన్నడి, వాషర్‌మెన్‌పేట మెట్రో స్టేషన్లు ఒకే వరుసలో ఉన్నాయి. రాయపురం భాగాన్ని ముందు పెట్టుకొని, వెలుతురు ఉండగానే అది ముగించి, వాషర్‌మెన్‌పేటలో రైలెక్కి మన్నడిలో దిగితే, దీపాలు పెట్టే వేళకు బ్రాడ్వే చేరుకుంటారు. రాయపురంలో 1856 నాటి రైల్వే స్టేషన్ భవనం కూడా చూపవచ్చు. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు కదిలింది అక్కడి నుంచే. ఒడ్డు దగ్గర రాళ్ళ గట్టు ఉంది, పిల్లలను దాని మీదికి ఎక్కనివ్వవద్దు.

ఆదివారం ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డులో చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి నడవడానికి చోటు దొరుకుతుంది. మామూలు రోజు సాయంత్రం అయితే చేతిబళ్ళ మధ్య గైడు గొంతు పక్కవాడికి కూడా వినిపించదు. హైకోర్టు లోపలికి ఆ వేళ పోనివ్వరు, బయటి గోడ వెంబడే చెప్పుకోవాలి.

తంగసాలె_వీధి

అందరికీ కృతజ్ఞతలు. మా బృందంతో మాట్లాడి ఇలా నిర్ణయించాము. రాయపురం స్టేషన్ దగ్గర కలుసుకొని, ఒడ్డు వైపు వెళ్ళి, అక్కడ తల దొరికిన సంగతి మాత్రం చెబుతాము. ఇంటి వైపు వెళ్ళము. మెట్రోలో మన్నడి వచ్చి, బ్రాడ్వేలో భాగవతార్ కథ, ప్యారీస్ దగ్గర పెన్నుల దుకాణం, అక్కడే ట్రంకుపెట్టె ప్రయాణం చెప్పి, హైకోర్టు గోడ పక్కన రెండు తీర్పులూ వినిపిస్తాము. లా కాలేజీ వైపు తిరిగినప్పుడు యేల్ గుర్రం కథ ఉంటుంది, అది కథేనన్న మాటతో సహా. సైమన్ కమిషన్ రోజున ప్రకాశం పంతులుగారు తుపాకులకు ఎదురునిలిచినది కూడా ఈ చుట్టుపక్కలే గనుక దాన్నీ చేర్చమని మాలో ఒకరు పట్టుబట్టారు, అది వేరే సాయంత్రానికి వాయిదా వేశాము.

పదేళ్ళ లోపు పిల్లలను తీసుకురావద్దని ప్రకటనలోనే రాస్తాము. మొండెం అన్న మాట ఎంత మెత్తగా చెప్పినా మొండెమే కదా. చెప్పే పని నల్లకోటు గారు ఒప్పుకుంటే బాగుంటుంది.

నల్లకోటు

ఒప్పుకుంటాను. ప్యారీస్ దగ్గర పది నిమిషాలు కూర్చొనే చోటు చూపించాలి, మోకాళ్ళు ఇదివరకటిలా లేవు. రైలుపెట్టె భాగం పెరంబూరు గారే చెప్పాలి, ఆ పులిహోర పొట్లం నా నోట అంత బాగా రాదు.

పెరంబూరు_రైలుపెట్టె

తప్పకుండా వస్తాను.

కొత్తసభ్యుడు_ఒంగోలు

ఇంటి ఫోటో ఆలోచన మానుకున్నాను. నాకూ, మా బావమరిదికీ రెండు పేర్లు రాసుకోండి. నడక ఎనిమిదింటికి ముగిస్తే రాత్రి బండికి సెంట్రల్ చేరగలమా?

మన్నడి_మెట్రో

చేరగలరు. హైకోర్టు స్టేషన్లో మెట్రో ఎక్కితే తరవాతిదే సెంట్రల్. సామాను మాత్రం ముందే అక్కడి క్లోక్ రూములో పెట్టి రండి. ఆ సాయంత్రం పెట్టె పట్టుకొని వచ్చినవాణ్ణి అందరూ అదోలా చూస్తారు.